చర్చ: ఆలివర్‌ని కాపాడారు సరే, మిగతా పిల్లల సంగతి?

యాంకర్: నమస్కారం. ఈ వారం విక్టోరియా రాణి కాలంనాటి ఇంగ్లిష్ నవలల్లో పేదరికం గురించి మాట్లాడుకుందాం. ఇంగ్లిష్ లెక్చరర్‌గా రిటైరైన మాస్టారు, నవలా రచయిత్రి మేడమ్ మన స్టూడియోలో ఉన్నారు. మాస్టారూ, డికెన్స్ అనగానే ‘ఇంకాస్త గంజి పెట్టండి’ అన్న పిల్లాడే గుర్తొస్తాడు కదా?

మాస్టారు: ఆ పిల్లాడి కథ ‘ఆలివర్ ట్విస్ట్’ని నేను నాన్‌డిటైల్‌గానే చదివాను. అందులో గంజి ఉంది గానీ ఆ గంజి వెనక చట్టం లేదు. 1834లో ఇంగ్లండ్‌లో పేదల చట్టాన్ని మార్చారు. సాయం కావాలంటే వర్క్‌హౌస్‌లో, అంటే పని చేయించుకుని పేదలకి తిండి పెట్టే చోట, చేరమన్నారు. లోపలి బతుకు బయట కూలివాడి బతుకు కంటే హీనంగా ఉండాలన్నది లెక్క. అలా ఉంటేనే ఊరికే ఎవరూ రారట! మొగుణ్ణి, పెళ్లాన్ని, పిల్లల్ని విడదీసేవాళ్లు. డికెన్స్ 1837లో ఆ నవలని సీరియల్‌గా మొదలుపెట్టాడు.

యాంకర్: కాస్త ఎక్కువ చేసి రాశాడంటారు...

మాస్టారు: 1845లో ఆండోవర్ వర్క్‌హౌస్ సంగతి బయటికొచ్చింది. ఎరువు కోసం ఎముకలు దంచే పనిలో పెట్టినవాళ్లు ఆకలికి తట్టుకోలేక ఆ ఎముకల్లోని మూలుగే తిన్నారు. ఇక ఎక్కువ చేసిందెవరు?

రచయిత్రి: అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ మాస్టారూ, ఆలివర్ వర్క్‌హౌస్‌లో పుట్టి పెరిగాడు, మాటతీరు మాత్రం దొరబిడ్డది. చివరికి చూస్తే మంచి కుటుంబం వాడే. అంటే పొరపాటున అక్కడ పడ్డవాడు. అందుకే బయటపడ్డాడు. వాడి నేస్తం డిక్ అలా కాదు కదా, చచ్చిపోయాడు.

మాస్టారు: డికెన్స్ కూడా ఒకప్పుడు అలా పడ్డవాడేనమ్మా. 1824లో వాళ్ల నాన్నని బాకీల కింద మార్షల్సీ జైల్లో పెట్టారు. పన్నెండేళ్ల పిల్లాడు బూటు పాలిష్ తయారుచేసే చోట డబ్బాలకి లేబుళ్లు అంటించాడు. ఈ సంగతి బతికుండగా సొంత పిల్లలకి కూడా చెప్పలేదు. ఆయన పోయాక స్నేహితుడు ఫోర్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో లోకానికి తెలిసింది.

రచయిత్రి: నేనూ అక్కడికే వస్తున్నా. ఆ పాలిష్ తయారుచేసే చోటే ఒకరోజు డికెన్స్‌కి పక్కలో నొప్పి వస్తే సీసాల్లో వేడినీళ్లు పోసి కాపడం పెట్టిన కుర్రాడొకడున్నాడు. పేరు బాబ్ ఫాగిన్. తర్వాత నవలలో పిల్లలకి దొంగతనం నేర్పే ముసలాడికి ఏ పేరు పెట్టాడు?

యాంకర్: ఫాగిన్!

రచయిత్రి: మేలు చేసినవాడి పేరు తీసుకెళ్లి విలన్‌కి పెట్టాడు. నాకు దాంట్లో కృతఘ్నత కంటే భయమే ఎక్కువ కనిపిస్తుంది. వీళ్లలో ఒకడిగా మిగిలిపోతానేమోనన్న భయం. అందుకే ఆయన పేదవాళ్లని చూసి ఏడుస్తాడు, వాళ్ల మధ్య కూర్చోడానికి మాత్రం జంకుతాడు.

మాస్టారు: అలా గంపగుత్తగా అనేస్తే ఎలా? ఆయనదే ఇంకో నవల ‘బ్లీక్ హౌస్’లో జో ఉన్నాడు. రోడ్డు దాటే చోట బురద ఊడ్చే కుర్రాడు. వాడికి ఏ దొర చుట్టరికమూ బయటపడదు. ప్రార్థన పూర్తిగా పలక్కుండానే పోతాడు. ఆ వెంటనే డికెన్స్ కథ ఆపేసి నేరుగా రాణిగారితో, ప్రభువులతో మాట్లాడతాడు. మన చుట్టూ రోజూ ఇలాగే చస్తున్నారు అంటాడు.

రచయిత్రి: సరే, జోని వదిలేస్తున్నా. ఎలిజబెత్ గాస్కెల్ సంగతి చూడండి. మాంచెస్టర్‌లో చర్చి పాస్టరు భార్య, ఏనాడూ పస్తుండలేదు. 1848లో ‘మేరీ బార్టన్’ రాసింది. అందులో ఒక నేలమాళిగ గది. వీధి మురుగు ఇటుకల సందుల్లోంచి ఊరుతుంటుంది, ఆ తడిలోనే పిల్లలు దొర్లుతుంటారు. తండ్రి డావెన్‌పోర్ట్ జ్వరంతో పడున్నాడు. చూడ్డానికొచ్చిన జాన్ బార్టన్ కూడా మిల్లు కార్మికుడే. ఇంటికెళ్లి మంచి కోటు, ఎరుపూ పసుపూ కలిసిన సిల్కు రుమాలు తీసుకెళ్లి ఐదు షిల్లింగులకి తాకట్టు పెట్టాడు. వాటితో తిండి, బొగ్గులు కొనుక్కొచ్చాడు.

యాంకర్: మిల్లు యజమాని ఏం చేశాడు?

రచయిత్రి: ఆస్పత్రిలో చేర్చుకోమని చీటీ రాయమంటే ఔట్‌పేషెంట్ చీటీ ఇచ్చాడు. అదీ సోమవారానికి. ఆ మనిషి సోమవారం దాకా ఉండలేదు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

మాస్టారు: బాగుంది. మరి మీ గాస్కెల్ చివర్లో ఏం చేసిందమ్మా? బార్టన్ కూతురు మేరీకి పెళ్లి చేసి కెనడా పంపించింది. ఆలివర్‌కి దొరల ఇల్లు, ఈవిడకి ఓడ టికెట్టు. తేడా ఏముంది?

రచయిత్రి: (నవ్వుతూ) దొరికిపోయాను. మాంచెస్టర్‌లో ఉంచి ఏం చేయాలో ఆవిడకీ తోచలేదు. కానీ ఆవిడ అసలు పెట్టాలనుకున్న పేరు ‘జాన్ బార్టన్’. తాకట్టు పెట్టిన మనిషి పేరు. ప్రచురణకర్తలు కూతురి పేరు పెట్టించారు. ఆ తండ్రే యజమాని కొడుకుని కాల్చి చంపుతాడు మరి. హంతకుడి పేరు అట్ట మీద వేస్తే షిల్లింగులు పెట్టి కొనే ఇళ్లలో నవల లోపలికి రానిస్తారా?

మాస్టారు: అది ఒప్పుకుంటాను.

యాంకర్: మాస్టారు ఒప్పుకున్నారు కాబట్టి ఇక్కడో చిన్న బ్రేక్. ఈలోగా ఇంకో గొడవ మొదలవకుండా ఇద్దరికీ టీ తెప్పిస్తాను.