పెద్ద అకౌంట్లకి సెక్యూరిటీ కీ ఒక్కటే సరిపోతుందా? యూబీకీ 5సీ ఎన్‌ఎఫ్‌సీ రివ్యూ

నమస్తే అండి. ఇవాళ టేబుల్ మీద ఉన్నది ఇదిగో, యూబీకీ 5సీ ఎన్‌ఎఫ్‌సీ. ఇదొక సెక్యూరిటీ కీ, అంటే లాగిన్ అయ్యేటప్పుడు ‘ఇది నేనే’ అని రుజువు చూపించే చిన్న పరికరం. కంప్యూటర్‌కి తగిలిస్తాం, లేదా ఫోన్ వెనక ఆనిస్తాం. ఆ ఆనించే పద్ధతే ఎన్‌ఎఫ్‌సీ. బొటనవేలంత ఉంటుంది. ఒక చివర యూఎస్‌బీ-సీ, మధ్యలో వేలు ఆనించడానికి బంగారు రంగులో గుండ్రటి చోటు. బ్యాటరీ లేదు, స్క్రీన్ లేదు, ఛార్జింగ్ గొడవ లేదు. లక్షల్లో ఫాలోవర్లున్న అకౌంట్లు నడిపేవాళ్ళు, సెలబ్రిటీల పేజీలు చూసుకునే టీమ్‌లు దీన్ని కొనాలా వద్దా అన్నదే ఈ వీడియో. ముందే చెప్పేస్తున్నా, కొనండి. కానీ కొని తగిలించేసి ఊరుకుంటే మాత్రం డబ్బులు దండగ.

అసలు ఓటీపీ ఎలా పోతుందో చూడండి. ‘మీ అకౌంట్ మీద కాపీరైట్ కంప్లయింట్ వచ్చింది, 24 గంటల్లో అప్పీల్ చేసుకోండి’ అని ఒక మెసేజ్ వస్తుంది. బ్లూ టిక్ పోతుందేమోనన్న టెన్షన్‌లో లింకు నొక్కేస్తాం. లాగిన్ పేజీ అచ్చం అసలుదే. పాస్‌వర్డ్ కొడతాం, ఓటీపీ కొడతాం. అవతలివాడు ఆ రెండూ అప్పటికప్పుడు అసలు సైట్‌లో కొట్టి లోపలికి వెళ్ళిపోతాడు. ఆథెంటికేటర్ యాప్‌లో వచ్చే ఆరంకెల కోడ్‌కీ ఇదే గతి.

కీ దగ్గర ఈ పప్పులు ఉడకవు. రిజిస్టర్ చేసినప్పుడే అది ఆ సైట్ అడ్రస్‌తో ముడిపడిపోతుంది. అడ్రస్‌లో ఒక్క అక్షరం తేడా ఉంటే మన కళ్ళు మోసపోతాయేమో గానీ, బ్రౌజరూ కీ మోసపోవు. ఆ ముడి ఎంత గట్టిదంటే, ట్విటర్ పేరు ఎక్స్‌గా మారినా పాత కీలన్నీ ట్విటర్ డాట్ కామ్‌కే కట్టుబడి ఉండిపోయాయి. అందుకే 2025 నవంబర్ 10 లోపు కీలను మళ్ళీ రిజిస్టర్ చేసుకోండి, లేదంటే అకౌంట్ లాక్ అవుతుందని ఆ కంపెనీయే యూజర్లకు చెప్పుకోవాల్సి వచ్చింది. సైట్ ఓనరే అడ్రస్ మారిస్తే ఒప్పుకోని వస్తువు దొంగ అడ్రస్‌కి ఒప్పుకుంటుందా చెప్పండి.

2020 జూలైలో ట్విటర్‌లో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది. ఒబామా, బైడెన్, బిల్ గేట్స్, ఆపిల్ కంపెనీ... వీళ్ళ అకౌంట్ల నుంచి బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి ఇస్తాం అని పోస్టులు వచ్చాయి. మొత్తం 130 అకౌంట్ల మీద కన్నేశారు. వాళ్ళెవరి పాస్‌వర్డూ ఊహించి కొట్టలేదు. ట్విటర్ ఉద్యోగులకు ఐటీ డిపార్ట్‌మెంట్ అని చెప్పి ఫోన్ చేసి, దొంగ లాగిన్ పేజీకి పంపి, కంపెనీ లోపలి టూల్స్ దాకా వెళ్ళారు. అప్పుడు ఒబామా జేబులో ఇలాంటి కీలు పది ఉన్నా ఒరిగేదేం లేదు. అదే కీ ఆ ఉద్యోగుల దగ్గర ఉండుంటే కథ ఆ దొంగ పేజీ దగ్గరే ఆగిపోయేది. తర్వాత ట్విటర్ తన ఉద్యోగులందరికీ సెక్యూరిటీ కీలు ఇచ్చింది లెండి.

సరే, ఇక కీ పెట్టుకున్నాక కూడా తెరిచి ఉండిపోయే దారుల సంగతి. మొదటిది ఫోన్ నంబర్. 2024 జనవరి 9న అమెరికా మార్కెట్ రెగ్యులేటర్ ఎస్‌ఈసీ ఎక్స్ అకౌంట్‌లో బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (షేర్ మార్కెట్‌లో కొనగలిగే బిట్‌కాయిన్ ఫండ్లకు) అనుమతి ఇచ్చేశామని పోస్ట్ పడింది. బిట్‌కాయిన్ ధర ఒక్కసారి ఎగిరి, అది అబద్ధమని తేలగానే కిందపడింది. తీరా చూస్తే సిమ్ స్వాప్. ఆ అకౌంట్‌కి ఉన్న నంబర్‌ని ఎవరో వేరే సిమ్‌లోకి మార్పించుకుని, దాంతో పాస్‌వర్డ్ రీసెట్ చేశారు. టూ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో తాళం, ఉందా అంటే, లాగిన్ ఇబ్బందులున్నాయని 2023 జూలైలో తీయించేసి, మళ్ళీ ఆన్ చేయనే లేదు! విచిత్రం ఏంటంటే, మర్నాడు ఆ అనుమతి నిజంగానే వచ్చింది.

అందుకని కీ రిజిస్టర్ చేసిన వెంటనే అదే సెట్టింగ్స్‌లో ఉండి ఎస్ఎంఎస్ పద్ధతి ఆఫ్ చేయండి. కుదిరిన చోట అకౌంట్ నుంచి నంబరే తీసేయండి. కీ పోతే లోపలికి వెళ్ళడానికి సైట్ ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద ప్రింట్ తీసి పెట్టుకోండి, ఫోన్‌లో స్క్రీన్‌షాట్‌గా మాత్రం వద్దు. రికవరీకి ఇచ్చిన ఈమెయిల్‌కి కూడా కీ పెట్టాలి. మెయిల్ పోతే మిగతావన్నీ దాని వెనకే పోతాయి. జీమెయిల్ అయితే గూగుల్ అడ్వాన్స్‌డ్ ప్రొటెక్షన్ అనే గట్టి రక్షణ పథకంలో చేరండి, ఉచితమే.

రెండోది ఇంకా మొండి సమస్య, సెషన్ దొంగతనం. సెషన్ అంటే, ఒకసారి లాగిన్ అయ్యాక సైట్ మళ్ళీ అడగకుండా బ్రౌజర్ దాచుకునే గుర్తు. లైనస్ టెక్ టిప్స్ లాంటి పెద్ద టెక్ చానెలే 2023 మార్చిలో ఇలా పోయింది. స్పాన్సర్‌షిప్ ఆఫర్ అంటూ వచ్చిన ఫైల్‌ని టీమ్‌లో ఒకరు తెరిచారు. ఆ కంప్యూటర్ బ్రౌజర్‌లో ఇప్పటికే లాగిన్ అయి ఉన్న సెషన్‌ని అందులోని మాల్‌వేర్, అంటే దొంగ ప్రోగ్రామ్, ఎత్తుకుపోయింది. పాస్‌వర్డ్ అడగలేదు, కీ అడగలేదు, ఎందుకంటే సైట్ దృష్టిలో అది లాగిన్ అయిపోయిన మనిషే. ఇలాంటి ఫైళ్ళు ఎలా వస్తాయో ఒకసారి స్క్రీన్ మీద చూడండి. పేరు ‘అగ్రిమెంట్ డాట్ పీడీఎఫ్’ అనే కనిపిస్తోంది, పక్కన పీడీఎఫ్ బొమ్మ కూడా ఉంది. ఇప్పుడు విండోస్‌లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు చూపించే ఆప్షన్ ఆన్ చేస్తున్నా. చూశారా, చివర్లో ఇంకో డాట్, ఎస్‌సీఆర్ అని ఉంది. అది ప్రోగ్రామ్ అండి, డాక్యుమెంట్ కాదు. ఆ ఆప్షన్ టీమ్‌లో అందరి కంప్యూటర్లలోనూ ఆన్ చేసి పెట్టండి. బయటి మెయిల్స్ తెరిచే కంప్యూటర్ వేరు, చానెల్ లాగిన్ ఉండే కంప్యూటర్ వేరు అయితే ఇంకా మంచిది.

టీమ్ అంటే గుర్తొచ్చింది, వాట్సాప్ గ్రూప్‌లో పాస్‌వర్డ్ పిన్ చేసి పెట్టుకునే అలవాటు మానేయండి బాబూ. యూట్యూబ్ స్టూడియోలో పర్మిషన్స్ ఉన్నాయి, ఎక్స్‌లో పాస్‌వర్డ్ ఇవ్వకుండానే వేరేవాళ్ళతో పోస్ట్ చేయించే డెలిగేట్ ఉంది, ఫేస్‌బుక్ పేజీలో ఎవరికి ఎంత యాక్సెస్ అన్నది విడిగా ఇవ్వొచ్చు. ఎవరి లాగిన్ వాళ్ళది, ఎవరి కీ వాళ్ళది.

ఇక వస్తువు మీద నా ఫిర్యాదులు. ఫోన్ వెనక ఎన్‌ఎఫ్‌సీ ఎక్కడుందో తెలిసేదాకా కీని అటూ ఇటూ జరుపుతూ ఉండాలి. దీని ఫర్మ్‌వేర్, అంటే లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ కాదు, కొన్నప్పుడు ఏది ఉంటే జీవితాంతం అదే. 5.7 వెర్షన్‌లో 100 పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వాడే డిజిటల్ తాళంచెవులు) పడతాయి, అంతకు ముందువాటిలో 25 మాత్రమే. పాత వెర్షన్లలో కీని కాపీ చేయగలిగే లోపం ఒకటి 2024లో బయటపడింది. దానికి కీ దొంగ చేతికి చిక్కాలి, ఖరీదైన ల్యాబ్ పరికరాలు కావాలి, కాబట్టి పాతది ఉన్నవాళ్ళు కంగారు పడక్కర్లేదు. కొత్తగా కొంటుంటే మాత్రం పాత స్టాక్ అంటగట్టకుండా వెర్షన్ అడిగి తీసుకోండి.

ఒక్కరే నడుపుకునే చిన్న పేజీ అయితే ఫోన్‌లోనే ఉండే పాస్‌కీ చాలు, ఇది కొనక్కర్లేదు. పెద్ద అకౌంట్ అయితే మనిషికి రెండు కీలు తప్పనిసరి. ఒకటి పోతే రెండోది లేకుండా సపోర్ట్ వాళ్ళ చుట్టూ తిరగడం నరకం. ఆ రెండోది ఆఫీసు లాకర్‌లో పెట్టుకోండి, ఇంట్లో పెట్టుకోండి, మీ ఇష్టం. పీఆర్ ఏజెన్సీ చేతికి మాత్రం ఇవ్వకండి. కాంట్రాక్ట్ అయిపోయాక పేమెంట్ గొడవలో అది వాళ్ళ దగ్గరే ఉండిపోతే, వెనక్కి తెచ్చుకోవడానికి ఏ సెట్టింగూ లేదు. సైట్ లోపలికి వెళ్ళి ఆ కీని మీరే తీసేయాలి.