చార్ట్ మీద అంకె బాగా కనబడాలని డేటాను పాడు చేయకండి

0.1, 0.2 కలిపి బార్ చార్ట్‌లో పెడితే బార్ మీద 0.30000000000000004 అని పడింది. చూడగానే జావాస్క్రిప్ట్‌ని తిట్టుకుంటాం. పాపం, దాని తప్పేం లేదు. 0.1ని బైనరీలో కచ్చితంగా రాయడం కుదరదు. పైథాన్‌లో 0.1, 0.2 కలిపినా వచ్చేది ఇదే.

ఇక్కడ చాలామంది చేసే పని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. డేటా అర్రే మొత్తానికి మ్యాప్ పెట్టి, ప్రతి అంకెనీ రెండు దశాంశాలకు కుదించే టూఫిక్స్‌డ్(2) కొట్టేస్తారు. బార్ మీద 0.30 వస్తుంది. హమ్మయ్య అనుకుని కమిట్ చేసేస్తారు.

కానీ టూఫిక్స్‌డ్ ఇచ్చేది నంబర్ కాదు, స్ట్రింగ్, అంటే ఉత్త అక్షరాల వరస. రేపు ఎవరో వచ్చి మొత్తం కూడా చూపించమంటారు. మన 0.30కి పక్కనున్న 0.10 కలుపుతారు. వచ్చేది 0.40 కాదు, 0.300.10! ప్లస్ గుర్తు రెండు స్ట్రింగుల్నీ పక్కపక్కన అతికించేసింది. ఇదైతే కంటికి కనబడుతుంది కాబట్టి నయం. అదే అర్రేలో 9.00, 10.00 కూడా ఉన్నాయనుకోండి. చార్టులు గీసే డీ3 లైబ్రరీలోని మ్యాక్స్‌ని అడిగితే పెద్దది 9.00 అంటుంది. స్ట్రింగుల్ని అక్షరం అక్షరం పోలుస్తుంది మరి, 9 కంటే 1 చిన్నదే కదా. యాక్సిస్ 9 దగ్గర ఆగిపోతుంది, 10 బార్ చార్ట్ దాటి పైకి పోతుంది. ఎర్రర్ ఒక్కటీ రాదు.

"పార్స్‌ఫ్లోట్ పెట్టి మళ్ళీ నంబర్ చేసేస్తాం" అంటారు. చేయండి, పోయిన దశాంశాలు తిరిగి రావు. మూడు సమాన భాగాల్ని ముందే రౌండ్ చేస్తే తలా 33 శాతం, మొత్తం 99. ముందు కూడి, తర్వాత ఫార్మాట్ చేస్తే 100.

అందుకే ఆ పొడుగాటి 0.30000000000000004ని అర్రేలో అలాగే ఉండనివ్వండి. తెర మీదికి వెళ్ళే చోట మాత్రమే 0.30 చేయండి. జావాస్క్రిప్ట్ చార్ట్ లైబ్రరీ చార్ట్.జెఎస్‌లో అంకెను చూపించే ముందు మార్చుకోడానికి మనం ఇచ్చే ఫంక్షన్లు, అంటే కాల్‌బ్యాక్‌లు ఉన్నాయి: యాక్సిస్‌కి టిక్స్ కాల్‌బ్యాక్, మౌస్ పెడితే వచ్చే టూల్‌టిప్‌కి లేబుల్ కాల్‌బ్యాక్. బార్ మీద అంకె కావాలంటే డేటాలేబుల్స్ ప్లగిన్‌లో ఫార్మాటర్ ఇవ్వాలి. పైథాన్ చార్ట్ లైబ్రరీ మాట్‌ప్లాట్‌లిబ్‌లో 3.4 వెర్షన్ నుంచి బార్_లేబుల్ ఉంది, దాంట్లో ఎఫ్‌ఎంటీ (ఫార్మాట్) ఇస్తే సరి. యాక్సిస్, టూల్‌టిప్, బార్, ఈ మూడు చోట్లా ఒకే ఫార్మాట్ ఉండాలన్న రూలేం లేదు. యాక్సిస్‌కి ఒక్క దశాంశం చాలు, టూల్‌టిప్‌లో నాలుగు పెట్టినా ఫర్వాలేదు. బార్ల మీద అన్ని అంకెలూ రాసేశాక యాక్సిస్ అంకెలు ఎందుకో నాకైతే అర్థం కాదు, తీసేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. పెద్ద అంకెల్లో కామాల కోసం రెజెక్స్ (అక్షరాల నమూనా వెతికే కోడ్) రాయకండి, జావాస్క్రిప్ట్‌లోనే ఇంటిల్ నంబర్‌ఫార్మాట్ ఉంది. జర్మన్ లొకేల్ (భాష, ప్రాంతం సెట్టింగ్) ఇస్తే చుక్క, కామా చోట్లు అదే మార్చుకుంటుంది. -0.001కి టూఫిక్స్‌డ్(2) పెడితే -0.00 వస్తుంది, ఆ మైనస్‌ని విడిగా చూసుకోవాలి. నల్‌ని, అంటే విలువ లేని ఖాళీని, నంబర్‌ఫార్మాట్‌కి ఇస్తే 0 అని రాసేస్తుంది. డేటా లేకపోవడం వేరు, సున్నా వేరు. ఫార్మాటర్ మొదటి లైన్‌లోనే నల్ చెక్ పెట్టి, అంకె బదులు చిన్న గీత చూపించండి. కోడ్ వీడియో డిస్క్రిప్షన్‌లో ఉంది.