ఇంగ్లీషు మాట చివర తోక ప్రశ్న

శ్రోతలకు నమస్కారం. బెంగళూరు మారతహళ్ళిలోని పీజీ హాస్టళ్ళలో ఉంటూ ఇంటర్వ్యూలకు తయారవుతున్న మన తెలుగు పిల్లలను మనసులో పెట్టుకుని ఈ పూట క్వశ్చన్ ట్యాగ్స్, అంటే వాక్యం చివర తోకలా తగిలించే చిన్న ప్రశ్నల గురించి చెబుతున్నాను. బళ్ళో అందరం నేర్చుకున్నవే. పరీక్షలో సరిగ్గానే రాస్తాం, నోరు తెరిస్తే మాత్రం ప్రతి వాక్యం చివరా 'ఈజింట్ ఇట్' వచ్చి పడుతుంది. మన 'కదా' ఏ వాక్యానికైనా అతుకుతుంది, కన్నడవాళ్ళ 'అల్వా' కూడా అంతే, అందుకే బెంగళూరులో మనలో మనం ఇంగ్లీషు మాట్లాడుకుంటే ఎవరికీ తేడా పట్టదు. స్నేహితుల మధ్య అది తప్పని నేననను. ఇంటర్వ్యూలో మాత్రం చెవికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇంగ్లీషు ట్యాగ్ ముందున్న వాక్యంలోంచే పుట్టాలి. అక్కడ ఈజ్, కెన్, విల్ లాంటి సహాయక క్రియ ఏదుంటే అదే చివర మళ్ళీ రావాలి, వాక్యం అవునంటే ట్యాగ్ కాదనాలి, కాదంటే అవుననాలి. 'రవి కెన్ డ్రైవ్, కాంట్ హీ?' సహాయక క్రియ లేకపోతే డూ, డజ్, డిడ్‌లలో ఒకటి తెచ్చుకోవాలి: 'షీ వర్క్స్ ఇన్ వైట్‌ఫీల్డ్, డజంట్ షీ?' నెవర్, హార్డ్‌లీ ఉన్న వాక్యాలు పైకి అవునన్నట్టున్నా లోపల కాదనేవే, కాబట్టి 'హీ నెవర్ కాల్స్, డజ్ హీ?' అనాలి. 'లెట్స్ గో'కి 'షల్ వీ'. 'ఐ యామ్ లేట్'కి మాత్రం 'ఆరెంట్ ఐ'. స్కాట్లాండ్, ఐర్లాండ్‌లలో 'యామంట్ ఐ' కూడా వినిపిస్తుంది గానీ మనం ఆరెంట్ ఐ అలవాటు చేసుకుంటే చాలు.

గొంతు సంగతి పుస్తకంలో చదివితే పట్టుబడదు, వినాలి. ట్యాగ్ దగ్గర స్వరం పైకి లేస్తే నిజంగా తెలియక అడుగుతున్నట్టు, కిందికి దిగితే తెలిసిందే ఎదుటివాళ్ళచేత అవుననిపించుకుంటున్నట్టు.

అసలు చిక్కంతా జవాబు దగ్గరే, దీన్ని ఎవరూ సరిగా చెప్పరని నా బాధ. మేనేజరు 'యూ డిడంట్ గెట్ మై మెయిల్, డిడ్ యూ?' అని అడుగుతారు. మెయిల్ రాలేదు. మనసులో 'అవునండీ, రాలేదు' అనుకుని పైకి 'యెస్' అనేస్తాం, ఆయనేమో వచ్చిందనుకుని మీటింగ్ మొదలుపెట్టేస్తారు! మనం అవునన్నది ఆయన మాటను ఒప్పుకుంటూ, ఆయన విన్నది మెయిల్ వచ్చిందని. ఇంగ్లీషులో యెస్, నో అడిగినవాళ్ళ మాటతో కాదు, జరిగినదానితో కలవాలి. మెయిల్ రాకపోతే 'నో, ఐ డిడంట్', వస్తే 'యెస్, ఐ డిడ్', ప్రశ్న ఎలా అడిగినా సరే. టెన్షన్‌లో ఏది అనాలో తోచకపోతే యెస్, నో రెండూ వదిలేసి 'ఐ డిడంట్ గెట్ ఇట్' అని పూర్తి వాక్యం చెప్పేయండి.