డబ్బా టీవీకి ఏ స్టిక్ కొనాలి? ముందు టీవీ వెనక్కి వెళ్ళండి

[తెర మీద: పాత డబ్బా టీవీ వెనక భాగం, టార్చి వెలుతురులో]

నమస్తే. పాత డబ్బా టీవీలో యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ వస్తాయా అని చాలామంది అడుగుతుంటారు. వస్తాయి. స్టిక్ అంటే టీవీకి తగిలిస్తే ఇంటర్నెట్ యాప్‌లు చూపించే చిన్న పరికరం. కాకపోతే ఏ స్టిక్ మంచిదన్న ప్రశ్నతో మొదలుపెడితే డబ్బులు వృథా. ముందు టార్చి పట్టుకుని టీవీ వెనక్కి వెళ్ళండి. మూత మాత్రం విప్పొద్దు. ప్లగ్ తీసేసినా లోపల కరెంటు నిలవ ఉంటుంది.

[దగ్గర్నుంచి: మూడు రంగుల సాకెట్లు]

ఇవిగో, దుమ్ము తుడిస్తే కనిపిస్తున్నాయి. పసుపు బొమ్మకి. తెలుపు, ఎరుపు సౌండ్‌కి. ఎరుపు లేకుండా పసుపు, తెలుపు మాత్రమే ఉంటే కంగారు పడకండి, అది మోనో టీవీ, అంటే సౌండ్ ఒకే దారిలో వచ్చేది. ఎరుపు పిన్ను ఊరికే వదిలేయండి. ఆకుపచ్చ, నీలం, ఎరుపు అని ఇంకో వరస కనిపిస్తే ఆ ఎరుపు బొమ్మకి సంబంధించినది. సౌండ్ వైరు అందులో గుచ్చితే ఏమీ వినపడదు.

ఇవేవీ లేక యాంటెన్నా సాకెట్ ఒక్కటే ఉంటే, మధ్యలో ఆర్‌ఎఫ్ మాడ్యులేటర్ అనే చిన్న పెట్టె కావాలి. అది బొమ్మని ఒక చానెల్‌గా మార్చి పంపిస్తుంది. పని జరుగుతుంది గానీ బొమ్మ ఇంకాస్త మసకబారుతుంది.

[తెర మీద: హెచ్‌డీఎంఐ స్టిక్, పక్కన మూడు రంగుల వైరు]

ఇప్పుడు అసలు చిక్కు. హెచ్‌డీఎంఐ అంటే బొమ్మనీ సౌండ్‌నీ ఒకే వైరులో పంపే కొత్త రకం సాకెట్. దాని మొదటి వెర్షన్ వచ్చిందే 2002 చివర్లో. ఫైర్ టీవీ స్టిక్, క్రోమ్‌కాస్ట్ లాంటివాటికి ఉన్నది ఆ ఒక్క దారే. అందులోంచి వచ్చేది డిజిటల్ సిగ్నల్, మీ టీవీకి అర్థమయ్యేది అనలాగ్. మధ్యలో ఒక దుబాసీ ఉండాలి. అదే కన్వర్టర్. ఒక చివర హెచ్‌డీఎంఐ, రెండో చివర మూడు రంగుల పిన్నులు ఉన్న ఉత్త వైరు కూడా అమ్ముతారు. చిప్ లేని ఆ వైరుతో బొమ్మ రాదు.

నా అభిప్రాయం అడిగితే, మీరు నిజంగా ఎంచుకోవాల్సింది స్టిక్‌ని కాదు, ఈ కన్వర్టర్‌ని. నేను మొదటిసారి తెప్పించుకున్నది తిరగేసిన రకం. ఏవీ, అంటే ఆ మూడు రంగుల పిన్నుల నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది! రెండూ చూడటానికి కవలల్లా ఉంటాయి. గంటసేపు పిన్నులు మార్చి మార్చి పెట్టాక గానీ పెట్టె మీది చిన్న అక్షరాలు చదవలేదు. మనకి కావలసింది హెచ్‌డీఎంఐ లోపలికి, ఏవీ బయటికి.

[దగ్గర్నుంచి: కన్వర్టర్ పక్కన చిన్న స్విచ్]

ఈ స్విచ్ చూశారా? పాల్, ఎన్‌టీఎస్‌సీ. ఇవి టీవీకి బొమ్మ పంపే రెండు పాత పద్ధతులు. పాల్‌లో సెకనుకి 50 ఫీల్డులు (ఫీల్డు అంటే సగం బొమ్మ), ఎన్‌టీఎస్‌సీలో దాదాపు 60. టీవీకి సరిపడనిది పెడితే బొమ్మ పైకి దొర్లుతుంది, లేదా రంగులు పోయి బ్లాక్ అండ్ వైట్‌లో వస్తుంది. టీవీ పాడైందేమోనని టెన్షన్ పడకుండా స్విచ్ అటు జరపండి.

ఇంకొకటి, హెచ్‌డీసీపీ. ఇది కాపీ కొట్టకుండా వేసే తాళం. కన్వర్టర్‌కి ఈ తాళం తెలియకపోతే మెనూలన్నీ చక్కగా కనిపిస్తాయి, సినిమా పెట్టగానే తెర నల్లబడుతుంది. అందుకే తిరిగిచ్చే వీలున్న చోట కొనండి. వచ్చిన రోజే డబ్బు కట్టి చూసే యాప్‌లో ఏదైనా పెట్టి చూడండి.

కరెంటు సంగతీ ఉంది. డబ్బా టీవీకి సాధారణంగా యూఎస్‌బీ ఉండదు. స్టిక్‌కి ఒక అడాప్టర్, కన్వర్టర్‌కి ఇంకొకటి సిద్ధంగా పెట్టుకోండి.

ఇక స్టిక్. 4కె, అంటే కొత్త టీవీల్లో వచ్చే బాగా స్పష్టమైన బొమ్మ, ఆ మాట మర్చిపోండి. పాల్ టీవీ చూపించగలిగేది 576 గీతలు, ఎన్‌టీఎస్‌సీ 480. సాదా హెచ్‌డీ స్టిక్ చాలు. రేపు కొత్త టీవీ వస్తే దానికీ పనికొస్తుంది.

[తెర మీద: ఏవీ సాకెట్ ఉన్న పెట్టె]

కన్వర్టర్ గొడవే లేకుండా ఏవీ సాకెట్ ఉన్న పెట్టె కొంటే పోలేదా? అమెరికా కంపెనీ రోకు అమ్మిన ఎక్స్‌ప్రెస్ ప్లస్ అనే పెట్టెలో అలాంటి దారి ఉండేది. సెకండ్ హ్యాండ్‌లో దొరికితే యాప్‌లు నడుస్తున్నాయో లేదో చూసి తీసుకోండి. 2019 డిసెంబర్‌లో కొన్ని పాత రోకు మోడళ్ళకి నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. ఇక ఊరూపేరూ లేని చవక ఆండ్రాయిడ్ పెట్టెల జోలికి నేనైతే వెళ్ళను. కొన్ని పెట్టెల్లో ముందే మాల్వేర్, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్, ఎక్కించి అమ్ముతున్నారని 2025 జూన్‌లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ హెచ్చరించింది. మీ వైఫై పాస్‌వర్డ్ ఇవ్వాల్సింది ఆ పెట్టెకే కదా!

[తెర మీద: బిగించాక వచ్చిన బొమ్మ, సాగిన ముఖాలు]

అన్నీ కలిపాక మనుషులు సన్నగా, పొడుగ్గా కనిపిస్తారు. 16:9 బొమ్మని 4:3 తెరలో ఇరికించడం వల్ల అంతే. టీవీ మెనూలో 16:9 ఉంటే అది నొక్కండి, లేకపోతే రెండు రోజుల్లో కళ్ళకి అలవాటైపోతుంది. అంచులు తెగిపోతే స్టిక్ సెట్టింగ్స్‌లో తెర సైజు కాస్త తగ్గించండి. అక్షరాలు అలుక్కుపోయినట్టు ఉంటాయి కాబట్టి యాప్ అనుమతిస్తే ఫోన్ నుంచే లాగిన్ అవ్వండి. సబ్‌టైటిల్స్ పెద్ద సైజులో పెట్టుకోండి.

పాత రిమోట్ మాత్రం పారేయకండి. స్టిక్ రిమోట్‌తో ఈ టీవీ ఆఫ్ కాకపోవచ్చు, సౌండ్ కూడా తగ్గకపోవచ్చు.