మీ లైనక్స్ ప్యాకేజీకి ఇంకో మనిషి కావాలా? ఇలా అడగండి

[స్క్రీన్ మీద: ఫెడోరా డెస్క్‌టాప్, లిబ్రేఆఫీస్ రైటర్ తెరుచుకుంటోంది]

2023 జూన్‌లో ఫెడోరా అనే లైనక్స్ రకాన్ని నడిపేవాళ్లకి ఒక షాక్ తగిలింది. లిబ్రేఆఫీస్ అంటే డాక్యుమెంట్లు, లెక్కల షీట్లు చేసుకునే సాఫ్ట్‌వేర్, మూలన పడున్నది కాదు కదా, లైనక్స్ వేసుకున్న ప్రతివాళ్లూ ఏదో ఒక అవసరానికి తెరిచేదే. అలాంటి దాని ప్యాకేజీల్ని, అంటే జనం ఇన్‌స్టాల్ చేసుకోడానికి వీలుగా కట్టిన మూటల్ని, అంతవరకూ చూసుకుంటున్న రెడ్ హ్యాట్ కంపెనీ టీమ్, ఇక మా వల్ల కాదని నలుగురిలో చెప్పి వదిలేసింది. ఫెడోరాలో రూలేంటంటే, ఇలా అనాథగా మిగిలిన ప్యాకేజీని ఆరు వారాల్లో ఎవరూ తీసుకోకపోతే తీసేస్తారు. కానీ అంతదూరం పోలేదు, వాలంటీర్లు ఒక గుంపుగా చేరి బాధ్యత తీసుకున్నారు.

పేరున్న సాఫ్ట్‌వేర్ కాబట్టి జనం వచ్చారంటారా? అదీ నిజమే. కానీ వదిలేస్తున్నామని అందరికీ వినపడేలా చెప్పారు చూడండి, నాకు అదే ముఖ్యం అనిపిస్తుంది. చిన్న ప్యాకేజీలు నడిపేవాళ్లు చాలామంది చేసేది దీనికి పూర్తిగా రివర్స్. ఉద్యోగం మారుతుంది, ఇంట్లో పిల్లలు, బగ్‌లు పేరుకుపోతుంటాయి, అయినా నోరు విప్పరు, లాక్కొస్తూ లాక్కొస్తూ ఒకరోజు మెయిల్‌కి కూడా జవాబివ్వడం మానేస్తారు.

[స్క్రీన్ మీద: డెబియన్ బగ్ జాబితా]

డెబియన్ అనే ఇంకో లైనక్స్‌లో నోరు విప్పడానికి పద్ధతి ఉంది. ఆర్ఎఫ్‌హెచ్ (రిక్వెస్ట్ ఫర్ హెల్ప్) అని పెడితే "నేనే నడుపుతా, కాస్త సాయం పట్టండి" అని. ఆర్ఎఫ్ఏ (రిక్వెస్ట్ ఫర్ అడాప్షన్) అంటే "తీసుకునేవాళ్లుంటే ఇచ్చేస్తా, అప్పటిదాకా నేనే చూస్తా". ఉత్త ఓ (ఆర్ఫన్డ్, అంటే అనాథ) అని పెడితే, వదిలేశా అంతే. మూడూ మామూలు బగ్ రిపోర్టుల్లాగే పెట్టాలి. జనం మూడోదాకా ఆగుతారు, అదే గొడవ. మొదటిది పెట్టండి, అదీ ఓపికున్నప్పుడే, ఎందుకంటే వచ్చిన మనిషికి పని చూపించడానికీ మీకు టైమ్ కావాలి కదా.

ఇప్పుడు అసలు విషయం, అందులో ఏం రాయాలి. "హెల్ప్ కావాలి, ఇంట్రెస్ట్ ఉన్నవాళ్లు చెప్పండి" అంటే ఎవరూ కదలరు. చేయి పెడితే ఎంత లోతులో ఇరుక్కుంటామో తెలియక జనం తప్పుకుంటారు. మీది ఒక ఫోటో వ్యూయర్ అనుకోండి, వేలాండ్‌లో, అంటే లైనక్స్‌లో విండోల్ని స్క్రీన్ మీద చూపించే వ్యవస్థలో, తడబడుతోంది అనుకోండి, ఇలా రాసి చూడండి:

[స్క్రీన్ మీద, పెద్ద అక్షరాల్లో]
"వేలాండ్‌లో విండో సైజు గుర్తుండటం లేదని ఐదు బగ్‌లున్నాయి. అన్నీ పాత వెర్షన్ మీద వచ్చినవి. కొత్త వెర్షన్ వేసుకుని, ఇంకా వస్తున్నాయో లేదో ఒక్కో బగ్‌లో రాస్తే చాలు. కోడింగ్ రానక్కర్లేదు. అడిగితే రెండు రోజుల్లో జవాబిస్తా."

చివరి ముక్క తీసేయకండి, జవాబు రాకే సగం మంది వెనక్కి పోతారు.

ప్యాకేజీ పని బయటికి కనిపించేంత ముద్దగా ఉండదు, ముక్కలు చేయొచ్చు. అప్‌స్ట్రీమ్‌లో, అంటే ఆ సాఫ్ట్‌వేర్‌ని అసలు రాసేవాళ్ల దగ్గర, కొత్త రిలీజ్ వచ్చిందా అని వాచ్ ఫైల్ చూసి చెబుతుంది, దాన్ని దించుకోవడం, పాత ప్యాచ్‌లు (కోడ్‌లో చేసిన చిన్న మార్పులు) ఇంకా అతుకుతున్నాయో చూడటం, బిల్డ్ చేయడం, ప్యాకేజీలో తప్పులు వెతికే లింటియన్ పెట్టే పేచీలు సర్దడం, ఇవన్నీ కొత్తవాళ్లు తమ మెషీన్ మీదే చేసి డెబియన్ వాళ్ల కోడ్ ఉండే సాల్సా సైట్‌లో మెర్జ్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అని అడగడం) పెట్టొచ్చు. హక్కు కావాల్సింది డెబియన్ ప్యాకేజీలన్నీ ఉండే ఆర్కైవ్‌లోకి అప్‌లోడ్ చేయడానికే. అది డెబియన్ డెవలపర్ ఒకరు స్పాన్సర్‌గా చూసి చేస్తారు.

ఒంటరిగా వద్దనుకుంటే టీమ్‌కి అప్పగించండి. గ్నోమ్, కేడీఈ అనే డెస్క్‌టాప్‌లకి, ఫాంట్లకి డెబియన్‌లో విడివిడిగా టీమ్‌లున్నాయి. మన లోహిత్ తెలుగు ఫాంట్ ఫాంట్ల టీమ్ చూసుకునేదే, ఒక మనిషి నెత్తిన లేదు.

[స్క్రీన్ మీద: ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1]

సాయం దొరికింది కదాని తాళాలగుత్తి మొత్తం చేతిలో పెట్టేయకండి. ఫైళ్లని కుదించే ఎక్స్‌జెడ్ అనే ప్రాజెక్టుని అప్పట్లో దాదాపు ఒక్కరే నడుపుతూ అలసిపోయి ఉన్నారు. 2021 నుంచి ఒక కొత్త పేరు బుద్ధిగా ప్యాచ్‌లు పంపింది, 2022లో ఇంకెవరో "కొత్త మెయింటెయినర్‌ని పెట్టండి" అని ఒత్తిడి తెచ్చారు, ఆ కొత్త మనిషికి హక్కులు దక్కాయి, 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి బ్యాక్‌డోర్, అంటే దొంగదారి, దూరింది. దూరంగా ఉన్న మెషీన్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ తవ్వబట్టి మార్చిలో బయటపడింది. దీన్ని చూసి కొత్తవాళ్లందర్నీ అనుమానించక్కర్లేదు, ముందు బగ్‌లు, తర్వాత మెర్జ్ రిక్వెస్టులు, బాగా నమ్మకం కుదిరాక ఆ ఒక్క ప్యాకేజీకి అప్‌లోడ్ హక్కు, అలా మెట్టుమెట్టుగా ఇవ్వండి. "త్వరగా ఇచ్చేయండి" అని మూడో మనిషి తొందరపెడుతుంటే మాత్రం అక్కడే ఆగండి.

ఇక సాయం చేద్దామనుకునేవాళ్లకి: డెబియన్‌లో 'హౌ-కెన్-ఐ-హెల్ప్' అనే ప్యాకేజీ ఉంది. వేసుకుంటే, ఆప్ట్‌తో (డెబియన్‌లో సాఫ్ట్‌వేర్ వేసుకునే కమాండ్) ఏదైనా ఇన్‌స్టాల్ చేసినప్పుడల్లా మీ మెషీన్‌లో ఉన్నవాటిలో ఏవి అనాథలో, ఏవి సాయం అడుగుతున్నాయో చెబుతుంది. మీరు రోజూ వాడేది అందులో కనిపిస్తే దాని బగ్ పేజీ తెరిచి, ఒక పాత బగ్ మీ దగ్గర ఇంకా వస్తోందో లేదో రాయండి, వెర్షన్ నంబర్‌తో సహా.