హెదర్‌కు ఇద్దరు అమ్మలు: ఒక బొమ్మల పుస్తకం రివ్యూ

నమస్కారం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడే మన బరంపురం, పర్లాకిమిడి పిల్లల కోసం పుస్తకాలు వెతికే తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని ఈ వీడియో చేస్తున్నాను. ఈసారి పుస్తకం లెస్లియా న్యూమన్ రాసిన ‘హెదర్ హ్యాజ్ టూ మమ్మీస్’. 1989లో అమెరికాలో డయానా సౌజా బొమ్మలతో వచ్చిన ఈ పుస్తకం, 2015లో లారా కార్నెల్ వేసిన రంగుల బొమ్మలతో మళ్లీ వెలువడింది. కొనదలచినవారు ఈ రెండోదే కొనాలి.

కథ చిన్నది. హెదర్‌కు రెండు చేతులు, రెండు కాళ్లు, ఇద్దరు అమ్మలు. ఆమెకు ఇష్టమైన అంకె కూడా రెండే. ఒక అమ్మ జేన్ వడ్రంగి, మరో అమ్మ కేట్ డాక్టరు. నిజానికి మన వైపు పిల్లలను ఇద్దరు అమ్మల కంటే సుత్తి పట్టిన అమ్మే ఎక్కువ ఆశ్చర్యపరచవచ్చు. బడిలో నాన్నల ప్రస్తావన వచ్చినప్పుడు, నాన్న లేనిది తనకొక్కదానికేనా అన్న సందేహం హెదర్‌కు కలుగుతుంది. అప్పుడు టీచరు అందరి చేతా తమ తమ కుటుంబాల బొమ్మలు వేయిస్తారు.

నాకు అసంతృప్తి కలిగించినది ఇక్కడే. అంతవరకు హాయిగా సాగిన కథ ఆగిపోయి పాఠం మొదలవుతుంది. ఇటువంటి పుస్తకాలు అరుదైన ఆ రోజుల్లో రచయిత్రికి ప్రతిదీ వివరించక తప్పలేదేమో. మొదటి ముద్రణలో గర్భధారణ ఎలా జరిగిందో కూడా చెప్పి, తరువాతి ముద్రణల్లో ఆ భాగాన్ని తీసివేశారు. అయినా బొమ్మలు వేయించే ఆలోచన మనకు పనికివస్తుంది. తండ్రి సూరత్ మగ్గాల దగ్గర పనిచేస్తుండగా తల్లి, నాయనమ్మ కలిసి నడిపే ఇళ్లు గంజాం జిల్లాలో ఎన్నో ఉన్నాయి కనుక, టీచరు మాటలు చదవడం ఆపి, పిల్లల చేతికి రంగులు ఇస్తే సరిపోతుంది.

దేవకీ యశోదలు ఉన్నారు కదా అని కొందరు అనవచ్చు. ఆ పోలిక ఇక్కడ నప్పదు: అక్కడ కన్నది ఒకరు, వేరే ఊళ్లో పెంచింది మరొకరు; జేన్, కేట్ ఒకే ఇంట్లో కాపురం ఉంటున్న జంట.

2005లో వచ్చిన ‘అండ్ టాంగో మేక్స్ త్రీ’ కథగా ఇంతకంటే మేలైనది. న్యూయార్క్ సెంట్రల్ పార్క్ జూలో రాయ్, సైలో అనే రెండు మగ పెంగ్విన్లు గుడ్డనుకుని ఒక రాయిని పొదుగుతూ ఉంటే, జూ ఉద్యోగి వాటికి నిజమైన గుడ్డు ఇచ్చాడు. అది జరిగిన సంగతే. పక్షుల కథే అయినా అభ్యంతరాలు తప్పలేదు. 2014లో సింగపూర్ జాతీయ గ్రంథాలయ సంస్థ దీన్ని పిల్లల విభాగం నుంచి తొలగించి, విమర్శలు వచ్చాక పెద్దల విభాగంలో ఉంచింది. మన దేశంలో ఆ జూ ఉద్యోగి స్థానంలో ఉన్న చట్టం ఇటువంటి జంటలో ఒక్కరికే గుడ్డును, అంటే దత్తత బిడ్డను, ఇస్తుంది: దంపతులుగా దత్తత తీసుకోవాలంటే రెండేళ్ల వైవాహిక జీవితం ఉండాలి, స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న నిరాకరించింది. పిల్లలు అడిగితే ఇంతవరకు చెప్పవచ్చు.

హెదర్ కథ నాలుగేళ్లు దాటిన పిల్లలకు సరిపోతుంది. అంతకంటే చిన్నవారికి అదే రచయిత్రి 2009లో రాసిన ‘మమ్మీ, మామా అండ్ మీ’ తీసుకోండి. అందులో వివరణలు లేవు. ఇద్దరు అమ్మలు పాపతో దాగుడుమూతలు ఆడతారు, నిద్రపుచ్చుతారు, అంతే. నా ఓటు దానికే.