కిలో మైలుతుత్తంలో రాగి ఎంత? ఫార్ములా చూసి అణుభారం కట్టడం

[తెర మీద: ప్లాస్టిక్ బకెట్, పక్కన కాగితం మీద నీలి స్ఫటికాలు]

నమస్కారం. ఈ నీలి రాళ్లు మైలుతుత్తం. పాకాల, దామలచెరువు వైపు మామిడి తోటలున్న ఇళ్లలో దీన్ని ఎవరికీ పరిచయం చేయనక్కరలేదు. సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు చేస్తారు, కొమ్మలు కొట్టిన చోట దాని ముద్దను పూస్తారు. పోయిన వారం తోటకు వెళ్తే మా మేనమామ బకెట్‌లో కర్ర తిప్పుతూ, "ఏరా, తిరుపతిలో పిల్లలందరికీ కెమిస్ట్రీ చెబుతావు కదా, కిలో మైలుతుత్తంలో అసలు రాగి ఎంతుందో చెప్పు చూద్దాం" అన్నాడు.

ఫోను తీయనక్కరలేదు. ఫార్ములా చదవడం వస్తే నేల మీద పుల్లతో తేల్చగల లెక్క అది. ఆ చదవడం దగ్గరే చాలామంది తడబడతారు. ఇన్నేళ్లలో నేను చూసింది ఏమిటంటే, గుణకారం తప్పే పిల్లలు తక్కువ. ఫార్ములాలోని అంకె పెత్తనం ఎంతవరకో తెలియక తప్పేవాళ్లే ఎక్కువ.

[తెర మీద: కర్పూరం బిళ్ల. సీ10హెచ్16ఓ]

ముందు సులువైనది చేద్దాం. తిరుపతిలో కూర్చుని కర్పూరంతో మొదలుపెట్టకపోతే ఎలా? దాని ఫార్ములా సీ10హెచ్16ఓ. కింద చిన్నగా రాసిన అంకె తన ముందున్న మూలకానికే చెందుతుంది. అంకె లేకపోతే ఒకటే పరమాణువు అని అర్థం. అంటే కార్బన్లు 10, హైడ్రోజన్లు 16, ఆక్సిజన్ 1. కార్బన్ పరమాణు భారం 12, హైడ్రోజన్‌ది 1, ఆక్సిజన్‌ది 16. పదిపన్నెండ్లు 120, దానికి 16, మరో 16. మొత్తం 152. ఇదే కర్పూరం అణుభారం.

ఇక్కడ చిన్న పక్కమాట. లడ్డూలో వేసే పచ్చకర్పూరానికీ, టర్పెంటైన్ నుంచి ఫ్యాక్టరీలో తయారయ్యే కర్పూరానికీ అణుభారం ఒకటే, 152. సరుకు ఎంత శుద్ధమైనదో అణుభారం చెప్పదు. లెక్క కలిసింది కదా అని హారతి బిళ్లను పాయసంలో వేయకండి.

ఇంతకీ ఈ 12, 1, 16 ఎక్కడివి? కార్బన్-12 పరమాణువును సరిగ్గా 12 అనుకుని, మిగతా పరమాణువులను దానితో పోల్చి కట్టిన విలువలు. 1961 నుంచి ప్రపంచమంతా ఇదే కొలత. మరి క్లోరిన్‌కు 35.5 అని అర ఎందుకు వచ్చింది? ప్రకృతిలో క్లోరిన్ రెండు రకాలు, 35 ఒకటి, 37 ఒకటి. అవి సుమారుగా మూడుకు ఒకటి చొప్పున ఉంటాయి. మూడు 35లు, ఒక 37 కలిపి నాలుగుతో భాగించండి, 35.5 వస్తుంది. రాగి భారం 63.5 కావడానికీ కారణం ఇలాంటిదే. దానిలో 63, 65 రకాలు రెండూ ఉంటాయి.

[తెర మీద: బెల్లం అచ్చు. సీ12హెచ్22ఓ11]

చిత్తూరు బెల్లాన్ని వదిలేస్తే అక్కడివాళ్లు ఊరుకోరు. బెల్లంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండేది సుక్రోజ్. 144, 22, 176 కలిపితే 342. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి ఒక దొడ్డిదారి ఉంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఒక్కొక్కటి కలిసి, మధ్యలోంచి ఒక నీటి అణువు పోతే సుక్రోజ్ అవుతుంది. గ్లూకోజ్ 180, ఫ్రక్టోజ్ 180, నీరు 18. 360లోంచి 18 తీసేయండి. 342. నాకు ఈ లెక్క ఎన్నిసార్లు చెప్పినా విసుగు పుట్టదు.

[తెర మీద: సున్నం. సీఏ(ఓహెచ్)2]

మామయ్య బకెట్‌లోని రెండో సరుకు తడి సున్నం, కాల్షియం హైడ్రాక్సైడ్. ఇక్కడ అంకె బ్రాకెట్ బయట ఉంది కనుక దాని పెత్తనం లోపలున్న అందరి మీదా సాగుతుంది. ఓహెచ్ అంటే 17, రెండు ఓహెచ్‌లు 34, కాల్షియం 40, మొత్తం 74. పరీక్ష పేపర్లలో 58 అని కనిపిస్తూ ఉంటుంది. ఆ అబ్బాయి 2ను హైడ్రోజన్‌కు మాత్రమే ఇచ్చి, ఆక్సిజన్‌ను ఒంటరిగా వదిలేశాడన్నమాట.

సంకేతాల్లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా చూసుకోండి. సీ, ఓ రెండూ పెద్దవైతే కార్బన్ మోనాక్సైడ్, 28. ఓ చిన్నదైతే కోబాల్టు లోహం, దాదాపు 59.

[తెర మీద: మైలుతుత్తం దగ్గరగా. సీయూఎస్‌ఓ4·5హెచ్2ఓ]

ఇప్పుడు మైలుతుత్తానికి వద్దాం. కాపర్ సల్ఫేట్, ఆ తర్వాత చుక్క, ఆ తర్వాత 5హెచ్2ఓ. ఈ చుక్కను చూసి గుణకారం గుర్తు అనుకునేవాళ్లున్నారు. కాదు, అది కూడిక. కాపర్ సల్ఫేట్ ఒక్కొక్క దానితో పాటు ఐదు నీటి అణువులు స్ఫటికంలోనే కుదురుకుని ఉన్నాయని దాని అర్థం. పుస్తకాల్లో దీన్నే స్ఫటిక జలం అంటారు. ముందున్న 5 నీటి అణువు మొత్తానికి వర్తిస్తుంది, హైడ్రోజన్‌కే కాదు.

రాగి 63.5, గంధకం 32, నాలుగు ఆక్సిజన్లు 64. ఇక్కడికి 159.5. ఐదు నీళ్లు, ఐదు పద్దెనిమిదులు 90. మొత్తం 249.5. దశాంశాలన్నీ పట్టుకుని చేస్తే 249.68 వస్తుంది. చదువుకు 249.5 చాలు.

ఇది అయాన్లతో, అంటే విద్యుదావేశమున్న కణాలతో కట్టిన స్ఫటికం. దీనిలో విడి అణువులు లేవు కాబట్టి పట్టుబట్టేవాళ్లు ఫార్ములా భారం అనమంటారు. వాళ్ల మాట నిజమే. లెక్క మాత్రం మారదు.

ఆ చుక్క విలువ నాకు తెలిసింది ఒక ప్రాక్టికల్ రోజున. ఒక లీటరు 0.1 మోలార్ కాపర్ సల్ఫేట్ ద్రావణం చేయమన్నారు, అంటే లీటరు ద్రావణంలో 0.1 మోల్ ఉండాలి. అణుభారం ఎంతో అన్ని గ్రాములు తూచితే అది ఒక మోల్. కర్పూరమైతే 152 గ్రాములు, నీరైతే 18 గ్రాములు. ఏ పదార్థమైనా మోల్‌లో ఉండే కణాల సంఖ్య ఒకటే, 6.022 ఇంటూ 10 ఘాతం 23. ఇదంతా నాకు కంఠస్థం. కానీ సీసా మీదున్న చుక్కను చూడలేదు. 159.5 అనుకుని 15.95 గ్రాములు తూచాను, తీసుకోవలసింది 24.95. పక్కబల్ల వాళ్ల ద్రావణం నిండు నీలంగా ఉంటే నాది వెలిసిపోయినట్లుంది. 0.1 కావలసిన చోట 0.064 వచ్చింది. రంగు చూడగానే మేడం అడిగిన మొదటి మాట, "నీళ్లను లెక్కలో వేశావా?"

[తెర మీద: పరీక్షనాళికను వేడి చేస్తుండగా నీలి పొడి తెల్లబడడం, తర్వాత ఒక నీటి చుక్క]

ఆ నీళ్లు ఇవే. వేడి చేస్తే ఆవిరైపోతాయి, నీలం పోయి తెల్లటి పొడి మిగులుతుంది. చల్లారాక చుక్క నీరు వేయగానే మళ్లీ నీలం. మైలుతుత్తం విషపదార్థం, వంటింటి గిన్నెల్లో దీన్ని చేసి చూడకండి.

మామయ్యకు జవాబు ఇప్పుడు రెండు భాగహారాల దూరంలో ఉంది. 249.5లో రాగి వాటా 63.5, అంటే నూటికి 25.45. కిలోలో సుమారు 254 గ్రాముల రాగి. నీటి వాటా 90, నూటికి 36. కిలోలో 360 గ్రాములు నీళ్లే. ఇది విని మామయ్య కర్ర తిప్పడం ఆపి, "అంటే మూడోవంతుకు మించి నీళ్లకే డబ్బు కట్టానన్నమాట" అన్నాడు. దుకాణదారు మోసం కాదు మామా, స్ఫటికం స్వభావమే అంత అని నచ్చజెప్పాను. ఒక శాతం బోర్డో మిశ్రమానికి 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం అనే కొలత ఈ నీలి స్ఫటికానికే చెప్పినది. నీరు పోయిన తెల్లపొడైతే అంతే రాగికి దాదాపు 640 గ్రాములు సరిపోతుంది. బకెట్ ప్లాస్టిక్‌దే ఎందుకంటారా? ఇనుప బకెట్‌లో పోస్తే రాగి ఆ ఇనుము మీదే పేరుకుంటుంది.

[తెర మీద: ఎఫ్‌ఈఎస్‌ఓ4·(ఎన్‌హెచ్4)2ఎస్‌ఓ4·6హెచ్2ఓ]

ఇంటర్ ప్రాక్టికల్స్ చేసినవాళ్లకు మోర్ లవణం గుర్తుండే ఉంటుంది. చుక్కలు, బ్రాకెట్, ముందు అంకె, వెనక అంకె అన్నీ దీనిలోనే ఉన్నాయి. ఇనుము 56, నైట్రోజన్ 14 అనుకుని వీడియో ఆపి కట్టండి. 284 వచ్చిందా, నీళ్లను మరిచిపోయారు. 312 వస్తే, 6ను హైడ్రోజన్‌కే ఇచ్చి ఆక్సిజన్‌ను ఒక్కదాన్నే వేశారు. 378 వస్తే బ్రాకెట్ బయటి 2 నైట్రోజన్ దాకా చేరలేదు. 392 వచ్చినవాళ్లు తక్కెడ దగ్గరకు వెళ్లవచ్చు.